వేరులో రంధ్రాలు చాలవు

ఓబులమ్మ వాళ్ళ నలభై బస్తాల పెన్నేరుగడ్డ పోయిన లారీలోనే వెనక్కి వచ్చింది. బస్తాలతోపాటు ఒక కాగితం కూడా వచ్చింది. కాగితానికి పైన గుండ్రటి ముద్ర, ముద్ర కింద నంబరు, ఆ నంబరు కింద మళ్ళీ ఇంకో నంబరు, అట్టడుగున పచ్చ సిరాతో సంతకం. వీటన్నిటి నడుమ ఇరుక్కుని ఒకే ఒక్క వాక్యం ఉంది. "మీ సరుకునందలి వేరులలో రంధ్రములు లేనందున తిరస్కరించడమైనది."

చదివింది సుంకులమ్మ. ఊరి ఆడవాళ్ళ సంఘంలో పదో తరగతి దాకా చదివింది ఆమె ఒక్కతే కాబట్టి కాగితాలన్నీ ఆమె చేతికే వస్తాయి. చదివి, కళ్ళు నులుముకుని, మళ్ళీ చదివింది.

"అక్కా, టైపు కొట్టినోడు తప్పు కొట్టుంటాడు. రంధ్రాలు ఉన్నందున అని ఉండాల."

"మన గడ్డలో రంధ్రమా? యాడుందో వచ్చి చూపించమను!" అని లేచింది ఓబులమ్మ. ఒక బస్తా మూతి విప్పి, చేతికందిన వేరు తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. టప్పుమంది. లోపల తెల్లగా, పిండిపిండిగా ఉంది. "ఇదో, విను. ఇంగేం కావాల వాళ్ళకు?"

పెన్నేరుగడ్డ అంటే మరేమీ కాదు, వైద్యులు అశ్వగంధ అంటారే, అదే. ఎర్రనేలలో పెరుగుతుంది, ఆకు ఎండి కాయ పండినాక తవ్వుతారు. వేరే దాని విలువంతా. నిద్రపట్టని వాళ్ళకూ నీరసపడిన వాళ్ళకూ వైద్యులు దాన్ని దంచి పాలలో కలిపి ఇస్తారు. ఎర్రకొట్టాలలో ఆ ఏడు పన్నెండు మంది ఆడవాళ్ళు వేరుశనగ మానేసి పెన్నేరు వేశారంటే అది ఓబులమ్మ మాట మీదే. "నేనున్నాను కదమ్మా, వెయ్యండి," అంది. వేశారు. తవ్వారు, ఎండబెట్టారు, కట్టెతో కొట్టి మట్టి దులిపారు, రకాలు ఏరారు. ఇక మిగిలింది మూలికలకు సర్కారు పెట్టిన మండలి ముద్ర ఒక్కటే. ఆ ముద్ర లేనిదే పట్నంలో ఏ వైద్యశాలా బస్తాను గుమ్మం దాటనివ్వదు. జూన్‌లో వాన పడిందా, గడ్డకు బూజు పట్టి పారబోసుకోవడమే. ముద్ర రావాలి, వాన కంటే ముందు రావాలి. పన్నెండు మంది ముందు ఓబులమ్మ తలెత్తుకుని తిరగాలంటే ఇది జరగాలి.

మర్నాడే బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోయింది.

మూలికా వేరుల ప్రమాణ పరిరక్షణ మండలి కార్యాలయం మూడంతస్తులు. రెండు అంతస్తుల్లో వేళ్ళ గురించిన కాగితాలు ఉంటాయి, మూడో అంతస్తులో ఆ కాగితాల గురించిన కాగితాలు ఉంటాయి. వేరు మాత్రం ఒక్కటే ఉంటుంది. అది కింద, ప్రమాణ మందిరం అనే గదిలో, గాజుపెట్టెలో, రెండు తాళాల మధ్య, ఏసీ చల్లదనంలో ఉంటుంది. రాష్ట్రంలోని పెన్నేరు వేరు ప్రతిదీ దానిలా ఉందా లేదా అని పోల్చి చూసి ముద్ర వేస్తారు. మండలి పుట్టింది అందుకోసమే.

ఓబులమ్మను లోపలికి తీసుకుపోయింది తనిఖీదారు బసవలింగం. నలభై దాటిన మనిషి, మెత్తనివాడు. చొక్కా జేబుకు రెండు పెన్నులు, మెడలో ఒక భూతద్దం. గదిలో డైరెక్టరు డాక్టర్ చక్రధర్ గాజుపెట్టె పక్కన నిలబడి ఉన్నాడు.

"చెప్పులు బయట వదిలారు కదా?" అన్నాడు.

"వదిలినాను సార్."

"దగ్గరగా ఊపిరి వదలకండి. తేమ శాతం మారుతుంది. చూడండి, ప్రమాణం ఎలా ఉందో."

ఓబులమ్మ వంగి చూసింది. చూసి గుండెల మీద చెయ్యేసుకుంది. ఆ వేరు ఆమెదే. రెండుగా చీలి, కాళ్ళు చాపుకుని కూర్చున్న మనిషిలా ఉండే వేరు. రెండేళ్ళ కిందట తన చేత్తో ఇచ్చింది.

ఎర్రకొట్టాలలో పెన్నేరు వేసే పాత ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. ఏటా తొలిగా తవ్విన వేరును అమ్మరు. పసుపు గుడ్డలో ఒక వస కొమ్ము జతచేసి కట్టి, ఇంటి దూలానికి వేలాడదీస్తారు. వస ఘాటుకు పురుగు దరి చేరదు. మరుసటి ఏడు తవ్వకానికి ముందు ఆ మూట విప్పి, నలుగురి ముందు వేరు విరుస్తారు. టప్పుమంటే ఆ ఏడు ఎండబెట్టడం బాగా కుదిరినట్టు. మెత్తగా వంగిందంటే ఆ ఇంటివాళ్ళు నలుగురిలో మాట పడాల్సిందే. అంతకుమించి పరీక్ష వాళ్ళకు తెలియదు.

మండలి పెట్టిన కొత్తలో, రాష్ట్రంలోకెల్లా మంచి వేరు కావాలని బసవలింగం ఊళ్ళు తిరుగుతూ వస్తే, ఓబులమ్మ సంబరంగా దూలం మీది మూట విప్పి చేతిలో పెట్టింది. ఆయన మూట తెరిచాడు, వస కొమ్మును రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తాడు, నిబంధనావళి తిరగేశాడు. నమూనాలో అన్య పదార్థం రెండు శాతానికి మించరాదని ఉంది. వేరెంతో వసా అంతే. మరేం చేస్తాడు, కొమ్మును ఓబులమ్మకు వాపసిచ్చి, "అన్య పదార్థం తొలగించడమైనది" అని రాసుకుని, వేరును పట్టుకుపోయాడు.

ఇప్పుడు ఆ వేరు ఒళ్ళంతా తూట్లు. పెట్టె అడుగున సన్నటి పిండి. ఒక తూటులోంచి ఎర్రటి పురుగు తీరిగ్గా బయటికి వచ్చి, ఓబులమ్మను చూసి, పక్క తూటులోకి దూరింది.

"అయ్యో సార్, ఇది పుచ్చిపోయిందే!"

బసవలింగం నేలచూపులు చూశాడు. డాక్టర్ చక్రధర్ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అమ్మా, ప్రమాణం పుచ్చదు. ప్రమాణం పుచ్చుటకు నిబంధనావళిలో అవకాశం లేదు. మీరు చేస్తున్న పొరపాటు ఏమిటంటే, మీరు ప్రమాణాన్ని తీసుకెళ్ళి మంచి వేరుతో పోలుస్తున్నారు. వేరును తెచ్చి ప్రమాణంతో పోల్చాలి. పోలికలో దిశ ప్రధానం."

"మరి ఆ పురుగు సార్?"

"అది ప్రమాణంలో అంతర్భాగం."

"నేను ఇంకోటి ఇస్తాను సార్. మా దూలానికి ఈ యేటిది కట్టుండాది. బంగారట్ల ఉండాది."

డాక్టర్ చక్రధర్ ముఖం వెలిగింది. "తప్పకుండా ఇవ్వండి. కొత్త ప్రమాణాన్ని స్వీకరించే పద్ధతి మాకు ఉంది. అయితే, కొత్త వేరు పాత ప్రమాణానికి సరిపోవాలి. దానికి రంధ్రాలు ఉన్నాయా?"

"లేవు సార్."

"చూశారా మరి," అన్నాడాయన జాలిగా.

ఓబులమ్మ బయటికి వచ్చి, చెప్పులు తొడుక్కుని, మెట్ల మీద కూలబడింది. ఏడుపు రాలేదు, నవ్వు రాలేదు. బసవలింగం మంచినీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఇరవై ఏడమ్మా," అన్నాడు.

"ఏంది ఇరవై ఏడు?"

"రంధ్రాలు. నిన్ననే లెక్కబెట్టినాము. ఉపసంఘం ఆమోదించింది. వేరుకు ఇరవై ఏడు ఉంటే పాసు."

పన్నెండు మందీ మర్నాడు పొద్దున్నే ఓబులమ్మ వసారాలో దబ్బనాలు పట్టుకుని కూర్చున్నారు. గోనెసంచులు కుట్టే దబ్బనాలు. ముందుగా ఒక్క బస్తా చేసి చూద్దామంది ఓబులమ్మ. ఎండిన వేరును గుచ్చడమంటే మాటలా, సగానికి సగం చేతిలోనే విరిగాయి. విరిగినప్పుడల్లా టప్పుమని ఆ మంచి చప్పుడు. అది విన్నప్పుడల్లా సుంకులమ్మ "అయ్యో" అంటూనే ఉంది.

"బిడ్డకు చెవులు కుట్టినట్ల కుడుతాండామే తల్లీ, ఎవురికోసం ఇది?" అంది ఒకామె.

"ముద్ర కోసం. మాట్లాడకుండా గుచ్చు. ఇరవై ఏడైనాయా నీయి?" అంది ఓబులమ్మ.

సాయంత్రానికి బస్తా నిండింది. చేతులు బొబ్బలెక్కాయి. బస్తా పోయింది, వారానికి కాగితం వచ్చింది. రంధ్రములు తిన్నగా ఉన్నవి. ప్రమాణమునందలి రంధ్రములు వంకర. రంధ్రములందు పిండి లేదు, ప్రమాణమునందు ఉన్నది. కనుక ఇవి కృత్రిమ రంధ్రములుగా నిర్ధారించి, కల్తీ నేరం కింద బస్తాను స్వాధీనపరచుకోవడమైనది. ఇట్టి నేరము మొదటిసారి అగుటచే మందలించి వదలడమైనది.

ఓబులమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రోలు కింద పెట్టింది. ముప్పై తొమ్మిది బస్తాలు మిగిలాయి. అప్పటికి ఏప్రిల్ సగం గడిచింది.

మండలి ఊరుకోలేదు. రైతులు తప్పుదారి పట్టడానికి కారణం అవగాహన లోపం అని తేల్చి, ఊరూరా సదస్సులు పెట్టింది. ఎర్రకొట్టాలకు రెండు జీపులు వచ్చాయి. బడి ముందు షామియానా వేశారు, బ్యానరు కట్టారు. 'సహజ రంధ్రం – సురక్షిత ఔషధం' అని బ్యానరు మీద ఉంది. డాక్టర్ చక్రధర్ మైకు పట్టుకున్నాడు.

"సోదరీమణులారా! నేటి వరకు మీరు కీటకమును శత్రువుగా భావించితిరి. అది అజ్ఞాన దశ. నేడు మండలి కృషి వల్ల కీటకము ప్రమాణ సహాయక జీవిగా గుర్తింపు పొందినది. మా పెంపక కేంద్రమునందు ప్రమాణ వేరు నుండి సేకరించిన కీటకములనే వంశశుద్ధి చెడకుండా వృద్ధి చేసితిమి. ఆ కీటకము వేసిన రంధ్రమే రంధ్రము. తక్కినవి తూట్లు."

చప్పట్లు కొట్టమని జీపు డ్రైవరు సైగ చేశాడు. కొట్టారు.

తలా ఒక సీసా పంచారు. మూతకు గాలి కోసం చిల్లులు, సీసా మీద చీటీ: ధ్రువీకృత కీటకములు యాభై. ఒక్కో బస్తాలో ఒక్కో సీసా వదలాలట. వేపాకు, బూడిద, వస కొమ్ము వంటి కీటక వ్యతిరేక సామగ్రి బస్తాల్లో కనబడితే శిక్ష తప్పదట.

సుంకులమ్మ లేచి నిలబడింది. "సార్, మాదొక సందేహం. ఈ పురుగులు ఇరవై ఏడు రంధ్రాలు పెట్టినాంక నిలిపేస్తాయా, ఇంగా తింటానే పోతాయా?"

డాక్టర్ చక్రధర్ మెచ్చుకోలుగా తలాడించాడు. "చాలా లోతైన ప్రశ్న. కీటకములకు శిక్షణనిచ్చు విషయము పరిశీలనలో ఉన్నది."

జీపులు పోయాక ఓబులమ్మ అందరి సీసాలూ అడిగి పుచ్చుకుంది. "ఒక్క బస్తాకు పెడదాం. మిగతా వాటి జోలికి ఎవురైనా పోతే నాతో మాట్లాడద్దండి," అంది. ఒక బస్తాను ఊరి చివర పాడుబడిన కళ్ళంలోకి మోయించి, అన్ని సీసాలూ అందులోనే గుమ్మరించింది. ఇంటికి వచ్చి, ముప్పై ఎనిమిది బస్తాల్లోనూ రెండేసి వస కొమ్ములు దోపి, మూతులు బిగించి కట్టింది. నేరమని తెలుసు. తెలిసే కట్టింది.

పక్క ఊళ్ళవాళ్ళు పాపం మండలి మాట నమ్మారు. ప్రతి బస్తాలోనూ పురుగు వదిలి, ప్రతిరోజూ వేళ్ళు తీసి రంధ్రాలు లెక్కపెట్టుకున్నారు. ఇరవై ఏడు కాగానే ఉరుకుల పరుగుల మీద తీసుకుపోయారు. మండలికి పోయేసరికి కొత్త కాగితం అంటించి ఉంది. తాజా కొలతల ప్రకారం ప్రమాణమునందు రంధ్రములు యాభై నాలుగు. మళ్ళీ వెనక్కి తెచ్చి యాభై నాలుగయ్యేదాకా కాచుకుని పోతే తొంభై రెండు అన్నారు. గాజుపెట్టెలో పురుగు మరి ఊరికే కూర్చుంటుందా? ఎవరో పెద్దమనిషి అడిగాడు కూడా, ఈ ప్రమాణం ఒక చోట నిలవదా సార్ అని. ప్రమాణం ప్రగతిశీలమని డాక్టర్ చక్రధర్ సెలవిచ్చాడు. మే నెల గడిచేసరికి ఆ ఊళ్ళలో బస్తాలు ఉన్నాయి, వాటిలో పిండి ఉంది, వేరు లేదు. ఆడవాళ్ళు బడి ముందు కూర్చుని మట్టి ఎత్తి పోశారు, మండలి పేరు పెట్టి మరీ.

ఎర్రకొట్టాల కళ్ళంలో పెట్టిన బస్తా సంగతీ అంతే. విప్పితే పురుగులు లేచాయి. ఓబులమ్మ దాన్ని అక్కడే తగలబెట్టించింది.

రోహిణి ఎండలు అయిపోవస్తున్నాయి. పడమటి వైపు మబ్బు కడుతోంది, పోతోంది. పన్నెండు మందిలో ఎవరూ ఓబులమ్మను ఒక్క మాట అనలేదు. వాళ్ళు అనకపోవడమే ఆమెకు కష్టంగా ఉంది. నీళ్ళ దగ్గర కలిసినప్పుడు, "ఏమన్నా తెలిసిందా అక్కా?" అని అడిగి, జవాబు వినకుండానే బిందె ఎత్తుకుని పోయేవాళ్ళు.

ఆమె చివరిసారి అని మొక్కుకుని బస్సెక్కింది.

మండలిలో ఆ రోజు అందరూ గబగబా నడుస్తున్నారు. ప్రమాణ మందిరం తలుపు తీసే ఉంది. బసవలింగం గాజుపెట్టె ముందు నిలబడి ఉన్నాడు, భూతద్దం చేతిలో వేలాడుతోంది. పెట్టెలో గుప్పెడు పిండి, చచ్చిన పురుగులు నాలుగు, అంతే. కాళ్ళు చాపుకుని కూర్చున్న వేరు లేదు.

"పొద్దున చూస్తే ఇట్లుండాది," అన్నాడు బసవలింగం. ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "నేనేనమ్మా ఆ వస కొమ్ము తీసింది. రెండు శాతం అని రాసుంటే తీసినాను. మా అమ్మ కూడా బియ్యం డబ్బాలో వస ఏస్తాది. చిన్నప్పటి నుంచి చూస్తాండా. అయినా తీసినాను, చూడు!"

ఓబులమ్మకు అతని మీద కోపం రావలసింది. రాలేదు. "ఏడవద్దులే సారూ. ఇప్పుడేమంటాడు మీ పెద్దాయన?"

పెద్దాయన పైన మూడో అంతస్తులో సమావేశం పెట్టాడు. తలుపు వేసుకున్నారు గానీ మైకు ఆపడం మరిచిపోయారు. మెట్ల మీద కూర్చున్నవాళ్ళందరికీ వినబడింది.

ప్రమాణం నశించినదని రాయడం కుదరదని ఒకరు అన్నారు. ప్రమాణం నశించినట్లయితే ఇప్పటి వరకు వేసిన ముద్రలన్నీ ప్రశ్నార్థకమగును. కొత్త వేరు తెద్దామని ఇంకొకరు అన్నారు; అది దేనికి సరిపోవాలి అని మరొకరు అడిగితే ఆయన కూర్చున్నాడు. అప్పుడు డాక్టర్ చక్రధర్ గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా, మనం భయపడవలసింది లేదు. కొలతలను వరుసగా గమనించండి. ఇరవై ఏడు. యాభై నాలుగు. తొంభై రెండు. రంధ్రములు పెరుగుచు వచ్చినవి, వేరు తగ్గుచు వచ్చినది. ఇప్పుడు వేరు పూర్తిగా తొలగి, రంధ్రము మాత్రమే మిగిలినది. దీనిని నాశనమని ఎందుకనాలి? ప్రమాణము పరిపూర్ణ రంధ్ర స్థితిని పొందినది!"

చప్పట్లు. తీర్మానం అక్కడికక్కడే చదివి వినిపించారు. ఇకపై ఆమోదం పొందు సరుకునందు రంధ్రము తప్ప వేరొక పదార్థమేదియు ఉండరాదు.

మెట్ల మీద ఓబులమ్మ ఈ మాటలు విని, కాసేపు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని బసవలింగం మళ్ళీ నీళ్ళ సీసా తెచ్చాడు. ఆమె సీసా అందుకుని, "సారూ, ముద్ర యాడ ఏస్తారు? గడ్డ మీదనా, సంచి మీదనా?" అని అడిగింది.

"సంచి మీదమ్మా. గడ్డ మీద ఎట్ల పడుతుంది?"

"అంతే కదా," అని లేచి, బస్సు దొరకదని పరుగు తీసింది.

రెండోనాడు ఎర్రకొట్టాల నుంచి ముప్పై ఎనిమిది సంచులు మండలికి వచ్చాయి. లారీ అక్కర్లేకపోయింది, సుంకులమ్మ, ఓబులమ్మ చెరి సగం మడతపెట్టి చంకన పెట్టుకుని బస్సులో తెచ్చారు. ఉతికి, ఎండబెట్టి, శుభ్రంగా దులిపిన ఖాళీ సంచులు.

డాక్టర్ చక్రధర్ స్వయంగా పరీక్షించాడు. మొదటి సంచి మూతి తెరిపించి, టార్చి వేసి, తల లోపలికి పెట్టి చూశాడు. తల బయటికి తీసినప్పుడు ఆయన మొహంలో భక్తి ఉంది.

"వేరు?"

"లేదు సార్," అంది ఓబులమ్మ.

"పిండి?"

"దులిపినాము సార్."

"అన్య పదార్థం?"

"ఏమీ లేదు సార్. మీరే చూడండి."

ముప్పై ఎనిమిదీ చూశాడు. ఒక్కదానిలోనూ తప్పు దొరకలేదు. మండలి పుట్టినప్పటి నుంచి ఒక్క సంచి కూడా ఇంత చక్కగా ప్రమాణానికి సరిపోలేదని ఆయన సిబ్బందికి చెప్పాడు. కొందరు రైతులు ఊరికే మండలిని తిట్టిపోస్తారు గానీ, మనసు పెడితే సాధ్యం కానిదేముందని కూడా అన్నాడు.

"ఇంత స్వచ్ఛత ఎలా సాధించారమ్మా?"

"మీ మాట ప్రకారం పోయినాము సార్. పోతా ఉంటే ఇక్కడికి వచ్చినాము."

ముప్పై ఎనిమిది సంచుల మీదా 'విశిష్ట శ్రేణి' అని నీలం ముద్ర పడింది. మూతులు కుట్టి సీలు వెయ్యాలా అని గుమాస్తా అడిగితే, లోపలి నుంచి ఏం జారిపోతుందని కసిరాడు డైరెక్టరు. ధ్రువపత్రం మీద పచ్చ సిరాతో సంతకం చేసి ఓబులమ్మ చేతికి ఇచ్చి, ఫోటో తీయించుకున్నాడు. ఫోటోలో ఆయన ఖాళీ సంచి ఒక కొస పట్టుకున్నాడు, ఓబులమ్మ ఇంకో కొస పట్టుకుంది. ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

తెల్లవారి ఎర్రకొట్టాలలో పన్నెండు మందీ ఓబులమ్మ వాకిట్లో చేరారు. పడమట మబ్బు ఈసారి పోయేలా లేదు, నల్లగా దిగింది. పాత బస్తా మూతి విప్పడం, ముద్ర పడిన సంచిలోకి వంచడం, వస కొమ్ములు పైన దోపడం, కుట్టడం. దబ్బనాలు ఈసారి చెయ్యవలసిన పనే చేస్తున్నాయి. పట్నం వైద్యశాల వాళ్ళు పంపిన లారీ వాకిలి ముందు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. ముప్పై సంచులు ఎక్కాయి.

అప్పుడు సందు మలుపులో మోపెడ్ చప్పుడయింది. బసవలింగం. మెడలో భూతద్దం, చంకలో ఫైలు. విశిష్ట శ్రేణి పొందిన సరుకును మూడు రోజుల్లోగా మరల తనిఖీ చేయవలెనని నిబంధన ఉందట.

అందరి చేతులూ ఆగిపోయాయి. సుంకులమ్మ చేతిలోని సంచి ఒరిగి, నాలుగు పెన్నేరు వేళ్ళు నేల మీద దొర్లాయి.

బసవలింగం మోపెడ్ దిగి, నీలం ముద్రను చూశాడు, ముద్ర వెనక ఉబ్బుగా ఉన్న సంచిని చూశాడు. ఫైలు తెరిచాడు. "ఓబులమ్మా, ఇందులో ఏముండాది?"

అబద్ధం చెప్పడం ఓబులమ్మకు చేతకాదు. నిజం చెబితే పన్నెండు మంది ఏడాది కష్టం అక్కడికక్కడే ఆగిపోతుంది. నిబంధనలో ఉన్న మాటే చెప్పింది.

"అన్య పదార్థం సార్."

"రెండు శాతం దాకానే కదా ఉండొచ్చు?"

"ఇది కొంచెం ఎక్కువుండాది సార్."

బసవలింగం నేల మీద పడిన వేరు ఒకటి తీశాడు. భూతద్దంతో చూడబోయి, మానుకుని, చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు. టప్పుమంది. రెండేళ్ళుగా వేళ్ళ మీద నివేదికలు రాస్తున్న మనిషి, ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి. రెండు ముక్కలనూ అటూ ఇటూ తిప్పి చూసి, తెల్లటి పిండి వేలికి అంటితే నాలుకకు రాసుకున్నాడు. పైన ఉరిమింది.

జేబులోంచి పెన్ను తీసి, మోపెడ్ సీటు మీద ఫైలు పెట్టుకుని, పెద్ద అక్షరాలతో రాశాడు. రాసింది పైకి చదివాడు కూడా, అందరికీ వినబడేలా.

"ధ్రువీకరింపబడిన సంచులందు తనిఖీ సమయమున అన్య పదార్థము కనుగొనబడినది. దీనిని ప్రమాణ పరిరక్షణ దృష్ట్యా ఈ గ్రామమునందు ఒక్క క్షణమైనను ఉంచరాదు. అందుబాటులో ఉన్న లారీ ద్వారా వెంటనే జిల్లా వెలుపలికి తరలించవలసినదిగా ఆదేశించడమైనది."

సంతకం చేసి, ఒక ప్రతి చించి లారీ డ్రైవరుకు ఇచ్చాడు. "దారిలో ఎవురైనా ఆపితే ఇది చూపించు. ప్రభుత్వ ఆదేశమని చెప్పు."

సుంకులమ్మ ముందు తేరుకుంది. "ఇంగేం చూస్తారే, ఎత్తండి!" అని అరిచింది. మిగిలిన ఎనిమిది సంచులూ ఎత్తడానికి పన్నెండు మందీ ఒక్కసారే పడ్డారు. ఓబులమ్మ మాత్రం కదల్లేదు. బసవలింగం రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది, ఆయన వద్దు వద్దంటున్నా వినలేదు.

చివరి సంచి మూతి ఇంకా కుట్టలేదు. పైన దోపిన వస కొమ్ములు బయటికి కనబడుతున్నాయి. బసవలింగం దాని దగ్గర ఆగి, అలవాటుగా రెండు వేళ్ళతో ఒక కొమ్మును పట్టుకుని పైకెత్తాడు. వాసన చూశాడు.

ఆయన దాన్ని మళ్ళీ సంచిలోని గడ్డల మధ్యలోకి, ఇంకా లోతుగా, జాగ్రత్తగా దోపాడు.

"ఇది మాత్రం ఎవురు తియ్యమన్నా తియ్యద్దమ్మా," అన్నాడు.